వంకర మేకులు

“తాళం నేనే తీసిన సార్. గంతే. అంతకుమించి నన్నేం అడగకుర్రి.”

తుకారాం నేల చూస్తూ అన్నాడు. నిన్నటి నుంచి పోలీసులకు అతను చెబుతున్నది కూడా ఇదే. ప్రైవేట్ డిటెక్టివ్ యుగంధర్ స్టేషన్ బెంచీ మీద అతని పక్కన కూర్చున్నాడు. ఎదురుగా కుర్చీ ఉంది. కానీ ఈ మనిషి ముఖం చూస్తూ అడిగితే నోరు విప్పడని అతనికి అనిపించింది.

“ఎవరికి తీసినవ్?”

తుకారాం కాలి బొటనవేలితో నేల మీద గీత గీశాడు.

“దొంగకైతే తియ్యవు. తెలిసినోళ్లకే తీస్తవ్. నువ్వు కాదనలేని మనుషులకు. అవునా?”

తుకారాం చేతులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి. “సార్, మీకు దండం పెడ్త. జైలుకు తోలుమనుర్రి, పోత. ఆ ఒక్క మాట మాత్రం అడగకుర్రి.”

“ఇంట్ల తెలుసా?”

“బిడ్డకు తెల్సింది. బళ్లె ఆయా పనికి పోతది. ఇయ్యాల పోలేదంట.” అతను తల ఇంకా కిందికి దించుకున్నాడు. “ఎట్ల పోతది సార్, దొంగోని బిడ్డ అంటరు గదా. అయినా గంతే. నేను జెప్ప.”

“ఏమండోయ్ యుగంధర్ గారూ! మా బెంచీ అరగదీసేస్తున్నారే!”

ఇన్‌స్పెక్టర్ దుర్గేష్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కొత్తగా ఇస్త్రీ చేసిన యూనిఫారం. సాయంత్రం బందోబస్తు కోసం బూట్లు అద్దంలా మెరిపించాడు.

“ఏం చెప్పాడేంటి మీతో?”

“మీతో చెప్పిందే.”

“మరింకేం? నాలుగింటికి మంత్రిగారు కార్ఖానా పేటలో ఆర్ట్ గ్యాలరీకి శంకుస్థాపన చేస్తారు. దొంగ దొరికాడని మైకులో చెప్పాలట, పైనుంచి ఫోను. తర్వాత ఇతన్ని మేజిస్ట్రేటు ముందు పెట్టేస్తాం. మీరు కూడా వచ్చి వెనక కుర్చీల్లో కూర్చోండి. కూల్ డ్రింక్ ఇస్తారు.”

“పోయిన బొమ్మ దొరికిందా?”

“దొరుకుతుంది లెండి.”

“బొమ్మ దొరక్కముందే దొంగను తయారు చేసిన్రన్నమాట.”

దుర్గేష్ నవ్వు ఆగింది. “తాళాలు అతని దగ్గరే ఉన్నాయి. తాళం పగలలేదు. తీసింది నేనే అని అతనే అంటున్నాడు. మీకింకేం కావాలండీ? బొమ్మ వచ్చి వాంగ్మూలం ఇవ్వాలా?”

యుగంధర్ బెంచీ మీంచి లేచాడు.

* * *

సికింద్రాబాద్‌కు ఒక ఆర్ట్ గ్యాలరీ కట్టిస్తామన్న మాటకు పుష్కరం దాటింది. రైల్వేలో స్టేషన్ల బోర్డులు రాసి రిటైరైన బుల్లబ్బాయి అనే చిత్రకారుడు, తన జీవితమంతా వేసిన చిత్రాలను ఆ గ్యాలరీ కోసం ఊరికి దానం చేశాడు. అప్పుడు మొదటి శిలాఫలకం వేశారు. ఎన్నికలొచ్చి ప్రభుత్వం మారింది. కొత్తవాళ్లు స్థలం మార్చి రెండోది వేశారు. అందులో స్థానిక నాయకుడి పేరు చిన్న అక్షరాల్లో ఉందని గొడవై పనులు ఆగాయి. మూడోది కార్ఖానాలోని పాత బంగ్లా ఆవరణలో వేశారు. ఆ నేల ఎవరిదన్న తగాదా తేలేసరికి మళ్లీ ఎన్నికల కోడ్ వచ్చింది. ఈ లోపల బుల్లబ్బాయి పోయాడు. ఏడాది కావస్తోంది. ఆరు నెలల కోసమని తిరుమలగిరిలోని ఒక హాలులో పెట్టిన చిత్రాలు అక్కడే ఉండిపోయాయి. తుకారాం ఆ హాలుకు కాపలాదారు.

కోడ్ ఎత్తేశారు. ఈరోజు అదే ఆవరణలో నాలుగో శిలాఫలకం. గ్యాలరీకి బుల్లబ్బాయి పేరే పెడతామని మంత్రిగారు ప్రకటిస్తారు. వేదిక మీద పెట్టడానికి అన్నింటికన్నా పెద్ద చిత్రాన్ని తీయబోయి, నిన్న దాని మీది గుడ్డ తొలగించారు. గుడ్డ కింద చెక్క చట్రం మాత్రమే ఉంది.

ఈ ఉదయం బుల్లబ్బాయి భార్య కుసుమకుమారి యుగంధర్ ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. ఆయాసం తీరకముందే అంది: “తుకారాం దొంగ కాడు బాబూ. అతన్ని విడిపించండి. సాయంత్రంలోగా విడిపించండి.”

ఆమె అడిగింది అంతే.

* * *

హాలు తాళం తీసిన ప్రభుత్వ అధికారిణి అనుపమ, ఎవరూ అడగకముందే చెప్పింది. “నాది అడిషనల్ ఛార్జ్ అండీ, రెండేళ్లుగా. నా మెయిన్ సీటు వేరే. గ్యాలరీ పని ఎవరూ తీసుకోకపోతే నాకిచ్చారు.”

“ఈ హాలుకు ఎప్పుడెప్పుడు వచ్చిన్రు మేడం?” యుగంధర్ అడిగాడు.

ఆమె తాళంచెవిని వేళ్ల మధ్య తిప్పింది. “కోడ్ పడ్డప్పుడు ఒకసారి. మళ్లీ నిన్న.”

“రెండేండ్లల్ల?”

“అవును.”

ఆ మాట తర్వాత ఆమె అతని కళ్లలోకి చూడలేదు.

దుర్గేష్ కూడా వెంట వచ్చాడు. ప్రైవేటు మనిషిని సంఘటన స్థలంలో ఒంటరిగా వదలనన్నాడు. గోడల నిండా చిత్రాలు వరుసగా ఉన్నాయి. రైల్వే పోర్టర్లు చాయ్ తాగడం, బండి కోసం ఎదురుచూస్తూ నిద్రపోయిన కుటుంబం, సిగ్నల్ దీపం తుడుస్తున్న మనిషి. చివరి గోడకు తలుపంత చట్రం ఖాళీగా ఆనించి ఉంది. దాని పక్కన మడిచిన తెల్లగుడ్డ.

“దీన్నొక్కదాన్నే ఎందుకు కప్పిన్రు?”

“కోడ్ వస్తే లీడర్ల ఫొటోలు, విగ్రహాలు, శిలాఫలకాలు అన్నీ మూసెయ్యాలి కదండీ. ఇది మొదటి శంకుస్థాపన పెయింటింగ్. అప్పటి లీడర్ ఫేస్ ఇందులో ఉంది. ఎవరైనా కంప్లయింట్ చేస్తే నా మెడకు చుట్టుకుంటుందని కవర్ చేయించాను.”

“ముఖం ఎంత పెద్దగుంటది?”

అనుపమ చిటికెన వేలి గోరు చూపించింది. “జనంలో, ఒక మూలకి.”

దుర్గేష్ పకపకా నవ్వాడు. “గోరంత నాయకుడికి గోడంత ముసుగు! రూలంటే రూలేనండీ.”

యుగంధర్ గుడ్డను విప్పి వెలుతురుకు పట్టాడు. బయటి వైపు దుమ్ము. లోపలి వైపు, కింది సగంలో, ఎరుపూ నీలమూ పసుపూ చారలుగా దిగి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. అతను తలెత్తి పైకప్పు చూశాడు. చట్రానికి సరిగ్గా పైన తడి మరక ఉంది. ఈ వారం కురిసిన తొలకరి అక్కడి నుంచి కారింది.

“పాత గుడ్డ అయ్యుంటుంది. హోళీకి వాడింది,” అన్నాడు దుర్గేష్.

“లేదండీ, కొత్తది కొనిపించాను.”

యుగంధర్ నీళ్ల సీసా మూత తీసి చేతిరుమాలు తడిపాడు. పోర్టర్ల చిత్రం దగ్గరికి వెళ్లి ఒక మూల మెల్లగా రుద్దాడు.

“అయ్యో! ఏంటండీ మీరు! పాడైపోతుంది!” అనుపమ ముందుకు ఉరికింది.

అతను రుమాలు చూపించాడు. దాని మీద పోర్టరు చొక్కా ఎరుపు అంటుకుంది.

“బుల్లబ్బాయి గారు నూనె రంగులతోని వేసేటోడు మేడం. ఎండిన నూనె రంగు నీళ్లకు ఊడదు. జెర చెయ్యి పెట్టి చూడుర్రి. బ్రష్షు గీతలు వేళ్లకు తగలాలె.”

ఆమె చెయ్యి పెట్టింది. చిత్రం నున్నగా ఉంది. పక్కదానికి వెళ్లింది. అదీ నున్నగానే ఉంది. మూడోదాని ముందు చెయ్యి ఎత్తి, పెట్టకుండానే దించుకుంది.

“ఫొటో తీసి కాన్వాస్ మీద కొట్టిన అచ్చులు,” అన్నాడు యుగంధర్. “అన్నీ.”

“దగ్గరికెళ్లి చూసుంటే తెలిసేది.” అనుపమ గొంతు తగ్గింది. “నేను చూడలేదు.”

దుర్గేష్ మాత్రం చేతులు రుద్దుకున్నాడు. “అంటే ఒక్కటి కాదు, మొత్తం కొట్టేశాడన్నమాట! థాంక్సండీ యుగంధర్ గారూ. చిన్న కేసుని మీరే పెద్దది చేసి పెట్టారు. మీ క్లయింటుకి ఈ సంగతి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?”

తుకారాంను విడిపించడానికి వచ్చి, అతని మెడకు ఇంకా బరువు కట్టినట్టయింది. యుగంధర్ ఖాళీ చట్రం ముందు గొంతుక్కూర్చున్నాడు.

దొంగ అయితే బ్లేడుతో కాన్వాసును అంచు వెంబడి కోసి చుట్టుకుపోతాడు. ఇక్కడ చెక్కకు ఒక్క పోగు కూడా అంటుకుని లేదు. మేకులన్నీ ఒక్కొక్కటిగా ఊడదీశారు. చెక్క మీద ఎక్కడా గాటు పడలేదు. మరి మేకులు ఏమయ్యాయి? అతను చుట్టూ వెతికాడు. కిటికీ గట్టు మీద న్యూస్‌పేపరు పొట్లం ఉంది. పోపు సామాను కట్టినట్టు మూతి మడిచి, కొస లోపలికి దోపిన పొట్లం. విప్పాడు. అందులో చిన్న మేకులు. అన్నీ వంకరే.

అతను పోర్టర్ల చిత్రాన్ని దించి వెనక్కి తిప్పాడు. దాని మేకులూ వంకరే. కొన్నింటి తలలు పక్కకు ఒరిగాయి, కొన్నింటిని కొట్టలేక సగంలో వంచేశారు. కానీ వాటి పక్కనే పాత మేకుల రంధ్రాలు కనిపించాయి. అవి మాత్రం తిన్నగా, సమాన దూరంలో, కుట్టుమిషను మీద కుట్టినట్టు ఉన్నాయి.

“ఇన్‌స్పెక్టర్ గారూ, ఇది చూడుర్రి. అసలు బొమ్మలకు మేకులు కొట్టిన చెయ్యి వేరు. అచ్చులకు కొట్టిన చెయ్యి వేరు. రెండో మనిషికి సుత్తి పట్టుడే రాదు.”

“అయితే?”

“ఈ చట్రం నుంచి మేకులు ఊడదీసింది మాత్రం పని వచ్చిన చెయ్యి. చెక్కకు గీత పడలేదు. పైగా వంకర మేకులను సుత పారెయ్యబుద్ధి కాక పొట్లం కట్టింది. మొదటి చెయ్యే మళ్లొచ్చింది.”

“మేకులు కోర్టులో సాక్ష్యం చెప్పవండీ.” దుర్గేష్ గడియారం చూసుకున్నాడు. “నేనూ వినను. నాకు బందోబస్తు ఉంది.”

యుగంధర్ పొట్లం మూతి మళ్లీ మడవబోయాడు. అలాగే కుదరలేదు. అప్పుడు అతనికి ఉదయం ఆయాసపడుతూ కూర్చున్న కుసుమకుమారి గుర్తొచ్చింది. ఆమె అడిగిన మాట కాదు. ఆమె అడగని మాట.

* * *

నేరేడ్‌మెట్‌లోని ఇంటి వరండాలో కుసుమకుమారి మజ్జిగ గ్లాసు అతని ముందు పెట్టింది. అతను పొట్లం తీసి గ్లాసు పక్కన పెట్టాడు.

ఆమె దాన్ని చూసింది. దాచాలని గానీ, ఆశ్చర్యం నటించాలని గానీ ప్రయత్నించలేదు. కుర్చీ లాక్కుని మెల్లగా కూర్చుంది.

“ఎలా తెలిసింది బాబూ?”

“పొద్దున మీరు తుకారాం సంగతే అడిగిన్రమ్మా. మీ ఆయన బొమ్మ దొరుకుతదా అని ఒక్క మాట అడగలే.”

ఆమె పొట్లం విప్పి ఒక మేకు తీసుకుంది. అలవాటుగా రెండు వేళ్ల మధ్య తిప్పి చూసింది.

“ఆయనకి బొమ్మ వేయడం తప్ప ఏ పనీ తిన్నగా చేతకాదు. కాన్వాసు బిగించడం, మేకులు కొట్టడం అన్నీ నేనే చేసేదాన్ని, పెళ్లయిన దగ్గర్నుంచి. మేడ మీద ఆయన బొమ్మ వేస్తుంటే, కింద నా సుత్తి చప్పుడు వింటే ధైర్యంగా ఉంటుందనేవారు.” ఆమె మేకును అరచేతిలో పెట్టుకుంది. “శంకుస్థాపనకి ఆ బొమ్మని వేదిక మీద పెడతామని మొన్న కబురు చేశారు. ఆయన పోయాక ఆ హాలుకి వెళ్లలేదు నేను. జనంలోకి వెళ్లేలోగా ఒక్కసారి నేనొక్కదాన్నే చూసుకుందామని వెళ్లాను. తుకారాం తలుపు తీశాడు. గుడ్డ ఎత్తితే ముఖాలన్నీ కారిపోయి ఉన్నాయి.”

“అప్పుడే తెలిసిందా?”

“రంగు కారిందంటే ఆయనది కాదని తెలిసింది. ఎవరో మార్చేశారనుకున్నాను. చట్రం వెనక చెయ్యి పెట్టాను. మేకులు వంకర.” ఆమె చేతిలోని మేకు పొట్లంలో వేసింది. “ఇంక ఎవరని వెతకాలి?”

యుగంధర్ మజ్జిగ గ్లాసు వైపు చూశాడు. తాగలేకపోయాడు.

“నలుగురిని పిలిచి, సభ పెట్టి, చప్పట్ల మధ్య ఇచ్చిన దానం బాబూ అది. చాటుగా వెనక్కి తీసేసుకున్నారు. దత్తాపహారం. మా పుట్టింట్లో పక్కింటికిచ్చిన కరివేపాకు రెబ్బని కూడా తిరిగి ముట్టుకునేవారు కాదు. ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఖర్చులెలా వెళ్తున్నాయని నేనడగలేదు. అమ్మేసుకున్నారు కాబోలు. అడిగితే చెప్పేవారేమో. నేనే అడగలేదు.”

“అందుకని తీసేసిన్రు.”

“వేదిక మీద అందరూ చూస్తారు. చూసి, తెలుసుకుంటారు. దొంగలెత్తుకుపోయారంటే ఊరు జాలిపడుతుంది. దత్తాపహారం అంటే ఆయన పేరు ఎవరైనా రాతి మీద చెక్కుతారా? ఇన్నేళ్లూ ఆ రాతి కోసమే కదా బతికారు.”

“మరి తుకారాం?”

ఆమె ముఖం తిప్పుకుంది.

“నేను మేకులు తీస్తుంటే చట్రం కదలకుండా పట్టుకున్నాడు. ఎవరడిగినా చెప్పకు నాయనా అన్నాను. అతను చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆ రెండూ ఒకటి కాదు. పోలీసులు తీసుకెళ్లారని తెలిసి కూడా స్టేషనుకి వెళ్లలేదు, మీ దగ్గరికి వచ్చాను. నా బదులు మీరు వెళ్తారని.”

“అమ్మా, బుల్లబ్బాయి గారు బొమ్మలు అమ్ముకున్నరని మీకు ఎవరు చెప్పిన్రు?”

“ఎవరు చెప్పాలి? ఇంకేం చేస్తారు?”

“అన్ని బొమ్మలు ఒక్కడే మార్చలేడు. తలుపు తీసినోడు ఉన్నడు. ఆ మనిషిని మీరు ఈ సంగతి అడగలే. ఆయనకేమో మీరు నోరు కట్టేసి పెట్టిన్రు.”

కుసుమకుమారి కుర్చీలోంచి లేచింది. తర్వాత లోపలికి వెళ్లి, మంచం కింద నుంచి చాపచుట్ట ఒకటి తెచ్చింది. చాప లోపల కాన్వాసు ఉంది. చీర మార్చుకోలేదు. ఇంటికి తాళం వేసి, గేటు దగ్గర నిలబడింది.

“పదండి బాబూ. ఆలస్యం చేశాను.”

* * *

స్టేషన్‌లో అనుపమ ఫిర్యాదు రాసి ఇవ్వడానికి వచ్చి, ఏం రాయాలో తెలియక కూర్చుని ఉంది. దుర్గేష్ కార్ఖానాకు బయలుదేరబోతూ టోపీ సర్దుకుంటున్నాడు. కుసుమకుమారి చాపచుట్టను అతని టేబులు మీద పెట్టింది.

“బొమ్మ తీసింది నేను బాబూ. అతన్ని వదిలెయ్యండి.”

దుర్గేష్ చాప విప్పాడు. కారిపోయిన ముఖాలను చూశాడు. ఆమెను చూశాడు. గొంతు మార్చాడు. “కూర్చోండమ్మా. అయినా మీ బొమ్మ మీరు తీసుకుంటే అందులో తప్పేముంది? మేం ఎలాగోలా…”

“నా బొమ్మ కాదు. ఊరిది. ఇచ్చేశాం.”

ఆమె తుకారాం దగ్గరికి వెళ్లింది.

“నాయనా, నీ ముందు నిలబడటానికి నాకు ముఖం లేదు. నా మాట నీకిక అక్కర్లేదు. అంతా చెప్పెయ్. ఆయన వాటిని ఎవరికి అమ్మారు?”

తుకారాం దిగ్గున లేచాడు. “అమ్ముడా? సారు అమ్ముకున్నడని ఎవ్వలన్నరమ్మా?”

“మరి?”

“హాలు కారుతున్నదని ఆఫీసుకు తిరిగి తిరిగి చెప్పిండమ్మా సారు. ఒక్కలు రాలే. వాన వచ్చిననాడు గొడుగు పట్టుకొని వచ్చేటోడు, బొమ్మల ముందట నిలబడేటోడు. ‘పిల్లల్ని వానలో నిలబెట్టి ఇంట్లో పడుకున్నట్టుంది తుకారాం’ అన్నడు. గప్పుడు షురూ చేసినం. ఒక్కొక్కటి ఊడదీసి, చుట్టి, ఇనుప డబ్బలల్ల పెట్టినం. ఉత్త చట్రాలుంటే లొల్లి అయితదని అచ్చులు కొట్టిచ్చిండు. నేను పట్టుకున్న, సారు మేకులు కొట్టిండు. వేలు సుత దెబ్బ తాకిచ్చుకున్నడు.”

కుసుమకుమారి పెదవులు కదిలాయి. “తలుపులో పడిందన్నారు నాతో.”

“ఎవ్వరికి తెలువలేదా?” యుగంధర్ అడిగాడు.

“‘ఎవరైనా దగ్గరికొచ్చి చూస్తే తెలిసిపోతుంది. తెలిసిననాడు నేనే ఒప్పుకుంటా’ అన్నడు సార్. దినాం ఎదురుచూసిండు.” తుకారాం అనుపమ వైపు చూడలేదు. ఎవరి వైపూ చూడలేదు. “ఎవ్వలు దగ్గరికి రాలే.”

అనుపమ రాస్తున్న కాగితాన్ని మెల్లగా బోర్లా తిప్పింది.

“డబ్బలు ఇంటికెందుకు తేలేదు?” కుసుమకుమారి అడిగింది.

“నేను గదే అడిగిన. ‘ఇచ్చినవి ఇంటికి తీసుకెళ్లకూడదు, దత్తాపహారం అవుతుంది’ అన్నడమ్మా. ‘గ్యాలరీ స్థలంలోనే పెడదాం. ఏ రోజు కట్టినా అక్కడే దొరుకుతాయి’ అన్నడు. కార్ఖాన బంగ్లా ఎన్క నౌకర్ల అర్రలున్నయి గదా. బండల కప్పు, సుక్క కారదు. దాంట్ల పెట్టినం.”

కుసుమకుమారి బెంచీ మీద కూర్చుండిపోయింది. భర్త దానం వెనక్కి తీసుకోలేదు. దాన్ని చేరాల్సిన చోటికే చేర్చాడు. ఆయన్ను అనుమానించింది తను ఒక్కతే. ఆమె ఏడవలేదు. పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“అయితే ఇంకేం!” దుర్గేష్ ఊపిరి పీల్చుకున్నాడు. “మంత్రిగారి చేతనే ఆ గదులు తెరిపిద్దాం. టీవీ వాళ్లూ ఉంటారు.”

“గదులు లేవు,” అంది అనుపమ.

అందరూ ఆమె వైపు తిరిగారు.

“మంత్రిగారి కాన్వాయ్‌కి పార్కింగ్ కావాలన్నారు. వెనక రూమ్స్ తీసేయమని నేనే సైన్ చేశాను. లోపల చూడలేదు.”

యుగంధర్ ఆమె ఫోను వైపు చూశాడు. ఆమె కాంట్రాక్టరుకు డయల్ చేసి స్పీకరు పెట్టింది. అవతల మైకు టెస్టింగూ డప్పుల చప్పుడూ వినిపించాయి.

“ఆ అర్రలా మేడం? పొద్దుగాలనే జేసీబీతోని నేలమట్టం జేసినం. ఫస్ట్ క్లాస్ పార్కింగ్!”

“లోపల… లోపల ఇనుప డబ్బాలు…”

“ఆ, ఎల్లినయి. ఏమన్న బంగారముందా అని పగులగొట్టినం. ఏం లేదు, అన్నీ గుడ్డ చుట్టలు, రంగులంటినయి. డబ్బలు స్క్రాపోడు తీస్కపోయిండు.”

“ఆ గుడ్డలు ఎక్కడున్నాయి?”

“వానకు దారంత బురదైంది గదా మేడం. టెంటోళ్లు గేటు కాడికెళ్లి శిలాఫలకం దాక ఎర్ర కార్పెట్ కింద పరిచిన్రు. మందం గుడ్డ, మంచిగ పనికొచ్చింది. మీరు పరేషాన్ గాకుర్రి. మంత్రిగారి కాలికి మట్టంటదు.”

* * *

అందరూ జీపెక్కారు. తుకారాంను విడిచిపెట్టమని ఎవరూ అనలేదు. అతను ముందే ఎక్కి కూర్చున్నాడు, అతన్ని ఎవరూ దిగమనలేదు.

కార్ఖానా బంగ్లా గేటు నుంచి నాలుగో శిలాఫలకం దాకా ఎర్ర కార్పెట్ తిన్నగా పరిచి ఉంది. అటూ ఇటూ జనం కుర్చీల్లో కూర్చున్నారు. వాలంటీర్లు పూల బుట్టలతో కార్పెట్ మీద అటూ ఇటూ తిరుగుతున్నారు. చెప్పులతోనే. అడుగు పడిన ప్రతిచోటా కార్పెట్ కింద బురద మెత్తగా నొక్కుకుపోతోంది.

యుగంధర్ అంచున మోకాలు వేసి కార్పెట్ మూల ఎత్తాడు. కింద కాన్వాసు వెల్లకిలా ఉంది. బురద తప్ప ఏమీ కనపడలేదు. జేబులోంచి రుమాలు తీసి మెల్లగా తుడిచాడు. బురద పోయింది. దాని కింద ఎర్రచొక్కా పోర్టరు చాయ్ గ్లాసు పట్టుకుని, తల కొంచెం పక్కకు వంచి చూస్తున్నాడు. రుమాలుకు మట్టి అంటింది. రంగు అంటలేదు.

“ఏయ్, ఎవరయ్యా అక్కడ? కార్పెట్ ఎత్తుతున్నారేంటి? వచ్చేస్తున్నారు, లేవండి!” వేదిక మీంచి ఎవరో మైకులో అరిచారు.

తుకారాం అప్పటికే అవతలి అంచు పట్టుకుని ఉన్నాడు. అనుపమ పూలబుట్టల వాళ్లకు అడ్డంగా చేతులు చాపి నిలబడింది. ఎవరో ఆమెను పేరు పెట్టి తిట్టారు. ఆమె చేతులు దించలేదు.

కుసుమకుమారి కార్పెట్ మొదట్లో ఆగిపోయింది. కాళ్ల చెప్పులు విడిచి, పక్కన జతగా పెట్టింది. ముందుకు మాత్రం అడుగు వేయలేదు. ఉత్త కాళ్లతోనైనా తొక్కడానికి ఆమెకు కాలు రాలేదు.

“సార్.” దుర్గేష్ భుజం మీది వైర్‌లెస్ సెట్టు గరగరలాడింది. “కాన్వాయ్ మలుపు తిరిగింది. రూట్ క్లియరేనా సార్? ఓవర్.”

దుర్గేష్ ఆమె చెప్పుల జత చూశాడు. కార్పెట్ మీద, తన వెనక, గేటు నుంచి అక్కడి దాకా పడిన తన బూట్ల ముద్రలు చూశాడు. ఇప్పుడే, తొందరలో, అతనే తొక్కుతూ వచ్చాడు.

“రూట్ క్లియరేనా సార్?”

గేటు అవతల సైరన్ వినిపించింది. జనం లేచి నిలబడ్డారు. డప్పులు మొదలయ్యాయి.

దుర్గేష్ సెట్టుకు జవాబు చెప్పలేదు. పక్కకు, బురదలోకి దిగి, వంగి, అద్దంలా మెరిసే బూట్ల లేసులు విప్పడం మొదలుపెట్టాడు.